ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్

సికింద్రాబాదు నుండి ఉత్తరంగా తిరుమలగిరి, అల్వాల్‌ల మీదుగా బొల్లారం వైపు సాగే దారి నిత్యం జనసమ్మర్దంతో కళకళలాడుతూ ఉంటుంది. ఇరువైపులా దుకాణాలు, వాటి నొసట పలు భాషలలో రాసిన బోర్డులు, కూరగాయల బండ్లు, బస్సుకోసం ఎదురుచూసే విద్యార్థులు, టీ కొట్టు ముందు గుమిగూడిన శ్రామికులు - ఇవన్నీ అనుదినం మన కళ్లముందు కదలాడే దృశ్యాలు. రోజూ కనిపించేవి కనుకనే వాటిని మనం శ్రద్ధగా చూడం. చూడాలనిపిస్తే చేతిలోని సెల్‌ఫోనుతో ఒక్క క్షణంలో వాటిని చిత్రంగా మలచుకోగలం. నూట ముప్పై ఏళ్ల కిందట పరిస్థితి ఇలా లేదు. ఒక వీధిని చిత్రంలో నిలపాలంటే బరువైన కెమెరా, దానిని నిలిపే ముక్కాలి పీట, గాజుపలకల పెట్టెలు, రసాయనాలు, మోసే మనుషులు, అన్నింటినీ మించి అపారమైన ఓర్పు కావలసి వచ్చేది. అటువంటి కాలంలో సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, జంటనగరాల రూపురేఖలను గాజుపలకలపై నిలిపి భావితరాలకు అందించిన కళాకారుడు రాజా దీన్‌దయాళ్.

దీన్‌దయాళ్ తెలుగు ప్రాంతంలో పుట్టినవారు కారు. ఆయన 1844లో ఉత్తర భారతదేశంలోని మీరట్ నగరానికి సమీపాన గల సర్ధనా అనే ఊరిలో, నగల వ్యాపారం చేసే ఒక జైన కుటుంబంలో జన్మించారు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో సాంకేతిక విద్యను అభ్యసించారు. 1866లో ఇండోరులోని ప్రభుత్వ పనుల శాఖలో అంచనాలు వేసే ఉద్యోగిగా, నమూనా పటాలు గీసే చిత్రలేఖకుడిగా చేరారు. గోడ పొడవు ఎంత, తోరణం ఎత్తు ఎంత, ఏ రాయి ఎక్కడ నిలవాలి అన్న లెక్కలతోనే ఆయన యౌవనం గడిచింది. కొలత తప్పితే కట్టడం నిలవదని నేర్పిన ఆ వృత్తి, తరువాతి కాలంలో ఆయన చేపట్టిన కళకు గట్టి పునాది అయింది.

ఛాయాచిత్రకళ అప్పటికి వయసులో చిన్నది. 1839లో ఐరోపాలో ఈ విద్య లోకానికి వెల్లడి అయింది. కొద్దికాలానికే అది భారతదేశానికి చేరింది. 1854లో బొంబాయిలో ఛాయాచిత్రకారుల సంఘం ఒకటి ఏర్పడింది. అయినప్పటికీ ఈ కళ చాలాకాలం ఆంగ్లేయ అధికారులకు, సంపన్నులకు మాత్రమే అందుబాటులో ఉండేది. దీన్‌దయాళ్ 1870 దశకంలో, ఉద్యోగం చేసుకుంటూనే, దీనిని సాధన చేయసాగారు. ఇండోరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు, మధ్య భారత ప్రాంతంలో గవర్నరు జనరలు ప్రతినిధిగా ఉన్న సర్ హెన్రీ డాలీ ఆయన ప్రతిభను గుర్తించి ప్రోత్సహించారు. 1875-76లో వేల్సు యువరాజు భారతదేశంలో పర్యటించినప్పుడు ఆ విశేషాలను చిత్రించే అవకాశం దీన్‌దయాళ్‌కు లభించింది.

ఆనాటి ఛాయాచిత్రకారుని శ్రమ ఎటువంటిదో తెలిస్తే గాని ఆయన కృషి విలువ బోధపడదు. మొదట గాజుపలకను మచ్చ లేకుండా తుడిచి, దానిపై కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని సమంగా పరచాలి. పిదప చీకటి గుడారంలో ఆ పలకను సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచాలి. తడి ఆరకముందే దానిని కెమెరాలో అమర్చి, వెలుతురు సోకించి, మరల గుడారంలోకి కొనిపోయి రసాయనాలతో చిత్రాన్ని రప్పించాలి. ఎండ తీవ్రమైన మన దేశంలో ఆ తడి నిమిషాలలో ఆరిపోతుంది. ఆరితే పలక నిరర్థకం. అడవిలోనైనా, కొండపైనైనా, నడివీధిలోనైనా ఛాయాచిత్రకారుడు తన చీకటి గదిని వెంట మోసుకొని తిరగవలసిందే.

ఈ పద్ధతిలో మరొక చిక్కు ఉంది. వెలుతురు సోకడానికి క్షణాల కొద్దీ వ్యవధి కావాలి. అంతసేపు కదలకుండా ఉన్నదే చిత్రంలో స్పష్టంగా పడుతుంది. గోపురాలు, కోటగోడలు కదలవు కనుక చక్కగా పడతాయి. నడిచే మనిషి పొగవలె చెదిరిపోతాడు. వేగంగా పోయే బండి జాడయినా మిగలదు. ఆ కారణంగానే తొలినాటి చిత్రాలలో అనేక నగర వీథులు జనంలేని పాడుపట్టణాలవలె కనిపిస్తాయి. వీథికి ప్రాణమైన మనిషిని పట్టుకొనే శక్తి ఆనాటి పలకకు లేదు.

1880 దశకంలో ఈ స్థితి మారింది. కర్మాగారాలలో ముందుగానే సిద్ధం చేసిన పొడి పలకలు విరివిగా లభించసాగాయి. అవి వెలుతురును త్వరగా గ్రహిస్తాయి, గుడారం మోసుకొని తిరిగే అవసరాన్ని తప్పిస్తాయి. కదిలే జనం కూడా చిత్రంలో నిలిచే రోజులు వచ్చాయి. సరిగ్గా ఆ మార్పు జరుగుతున్న కాలంలోనే దీన్‌దయాళ్ దక్కనుకు తరలివచ్చారు.

అంతకు కొద్దికాలం ముందు ఆయన మరొక ఘనకార్యం నెరవేర్చారు. 1880 దశకం ఆరంభంలో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ ప్రాంతమంతా సంచరించి ప్రాచీన కట్టడాలను చిత్రించారు. ఆ చిత్రాలతో 1886లో మధ్య భారతదేశపు ప్రసిద్ధ కట్టడాలను గురించిన గ్రంథం వెలువడింది. శిల్పాల నిర్మాణ రీతిని, శిథిలమైన భాగాలను సైతం స్పష్టంగా చూపగల నేర్పు ఆ చిత్రాలలో కనిపిస్తుంది. 1885లో ఆయన వైస్రాయికి ఛాయాచిత్రకారులుగా నియమితులయ్యారు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో స్థాపించారు. తరువాత ప్రభుత్వోద్యోగం విడిచి, ఛాయాచిత్రకళనే జీవనాధారం చేసుకున్నారు. నిలకడైన జీతాన్ని వదులుకొని, గాజుపలకలనూ వెలుతురునూ నమ్ముకోవడం ఆ రోజులలో సాహసమే.

సికింద్రాబాదును ఆయన ఎంచుకోవడానికి అనుకూలమైన పరిస్థితులున్నాయి. 1806 నుండి అది ఆంగ్లేయుల సైనిక స్థావరం. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలుమార్గం ఏర్పడింది. పెళుసైన గాజుపలకలూ, దూరదేశాల నుండి వచ్చే రసాయనాలూ కావలసిన వృత్తికి రైలు ఎంతో అవసరం. తిరుమలగిరిలో సైనిక శిబిరాలు, బొల్లారంలో రెసిడెంటు విడిది భవనం ఉండేవి. ఈ రెండింటి నడుమ ఉన్న ఊరే అల్వాల్. బొల్లారంలోని ఆ భవనమే స్వాతంత్ర్యానంతరం రాష్ట్రపతి నిలయంగా మారింది. కంటోన్మెంటు అధికారులు, సైనిక దళాలు, వర్తకులు స్టూడియోకు పోషకులయ్యారు. మూసీకి ఆవల హైదరాబాదులో 1884లో పూర్తి అధికారాలు చేపట్టిన ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కళాభిమాని. ఆయన దీన్‌దయాళ్‌ను ఆస్థాన ఛాయాచిత్రకారులుగా ఆదరించి, రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదుతో సత్కరించారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడని అర్థం. ఆ విధంగా లాలా దీన్‌దయాళ్, రాజా దీన్‌దయాళ్ అయ్యారు.

అక్కడి నుండి ఆయన కీర్తి నలుదిశలా వ్యాపించింది. 1893లో అమెరికాలోని షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రాలు బహుమానం పొందాయి. 1896లో బొంబాయిలో మరొక స్టూడియో ప్రారంభమైంది. 1897లో విక్టోరియా మహారాణి తన ఛాయాచిత్రకారులలో ఒకరిగా ఆయనను గుర్తిస్తూ అధికార పత్రం పంపారు. కుమారులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ తండ్రి వద్దనే విద్య నేర్చి సంస్థను నడపడంలో తోడ్పడ్డారు.

ఆయన చేపట్టిన పనులలో ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు పరపురుషుని ఎదుట కూర్చుని చిత్రం తీయించుకొనే ఆచారం అప్పుడు లేదు. అందువల్ల ఎందరో తల్లుల, అక్కచెల్లెళ్ల రూపాలు వారి ఇంటి గోడలపైన కూడా మిగలకుండా పోయేవి. ఈ లోటును గ్రహించి దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీలకోసమే ఒక జనానా స్టూడియో తెరిచారు. దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. కెమెరా వెనుక కూడా స్త్రీయే ఉండేది. ఆచారాన్ని అతిక్రమించకుండానే ఆచారం మూసిన తలుపును తెరిచిన ఉపాయమిది.

రాజులు, దివానులు, సైన్యాధిపతులు, విందులు, వేటలు - దీన్‌దయాళ్‌కు ధనమూ కీర్తీ తెచ్చినవి ఈ చిత్రాలే. అయితే వీటితోపాటు ఆయన నగరాన్ని కూడా చిత్రించారు. చార్మినారు, దాని చుట్టూ అల్లుకున్న బజారు వీథులు, మక్కామసీదు, మూసీనది, హుస్సేన్‌సాగరం, గోలకొండ సమాధులు ఆయన కెమెరా ముందు నిలిచాయి. నిజాం రాజ్యంలోని దృశ్యాలతో 1892 నాటికి ఒక గొప్ప చిత్రసంపుటం కూడా తయారైంది. ఆ చిత్రాలను కోరినవారు చూడదలచింది ప్రధానంగా కట్టడాలను. అయితే నడివీథిలో కెమెరా నిలిపినప్పుడు కట్టడం ఒక్కటే చిత్రంలో పడదు. దాని ముంగిట ఉన్న జనమూ, బండ్లూ, అంగళ్లూ పడతాయి. ఎవరూ ఆదేశించకపోయినా, ఎవరూ వెల కట్టకపోయినా, ఆ దినం ఆ వీథిలో ఉన్న సామాన్యుడు చరిత్రలో చోటు సంపాదించుకున్నాడు.

ఇందులో దీన్‌దయాళ్ పూర్వవృత్తి ప్రభావం కూడా ఉంది. అంచనాలు వేసే ఉద్యోగికి ఏ చిన్న భాగాన్నీ విడిచిపెట్టే అలవాటు ఉండదు. ఆయన చిత్రాలలో కట్టడంపై చూపిన శ్రద్ధ దాని పరిసరాలపైన కూడా కనిపిస్తుంది. పెద్ద గాజుపలకపై పడిన చిత్రంలో సూక్ష్మమైన వివరాలు సైతం భద్రంగా ఉంటాయి. ఈనాటి పరిశోధకులు ఆ పలకలను పెద్దవి చేసి చూసి, ఆనాటి వేషధారణనూ, వాహనాలనూ, వీథుల వెడల్పునూ తెలుసుకోగలుగుతున్నారు.

దాదాపు ఆ కాలంలోనే ఫ్రాన్సులోని పారిస్ నగరంలో యూజీన్ అట్జే అనే ఛాయాచిత్రకారుడు పాత వీథులను, అంగళ్ల ముంగిళ్లను, దుకాణాల నామఫలకాలను, వీథి వర్తకులను చిత్రించడం మొదలుపెట్టాడు. కొత్త నిర్మాణాలకోసం పాత నగరం కూలిపోతుంటే, కూలకముందే దాని రూపాన్ని దాచాలన్నది అతని ఉద్దేశం. అట్జే సామాన్య వీథినే తన వస్తువుగా ఎన్నుకొని, 1927లో మరణించేదాకా పెద్దగా పేరులేకుండానే బతికాడు. దీన్‌దయాళ్ ప్రభువుల నడుమ పేరుప్రతిష్ఠలతో జీవించారు. దారులు వేరైనా, ఇద్దరి గాజుపలకలూ తమ నగరాలకు ఒకే మేలు చేశాయి.

ప్రభువుల కొలువులో పనిచేసిన కళాకారునికి కొన్ని పరిమితులు తప్పవు. దీన్‌దయాళ్ జీవితంలో అవి స్పష్టంగా కనిపించే ఘట్టం 1899-1900 నాటి కరువు. దేశంలోని అనేక ప్రాంతాలతోపాటు నిజాం రాజ్యం కూడా ఆ కరువు వాతపడింది. ప్రభుత్వం చేపట్టిన సహాయ కార్యక్రమాలను దీన్‌దయాళ్ సంస్థ చిత్రించింది. కూలి పనులలో బారులు తీరిన జనం, అన్నంకోసం కూర్చున్న స్త్రీలు, బాలలు ఆ చిత్రాలలో ఉన్నారు. సర్కారు చేసిన మేలును చూపడం ఆ చిత్రాల ప్రయోజనం. కానీ కెమెరా ఆ మేలుతోపాటు, మేలు అవసరమైన దేహాలను కూడా చూపింది. ఎముకలు తేలిన ఆ శరీరాలను చూసినవారికి ప్రభుత్వ నివేదికలలోని అంకెలు వేరే అర్థంతో కనిపిస్తాయి.

రెండేళ్లు గడిచేసరికి, 1902లో, వైస్రాయి కర్జన్ నిజాం రాజ్యంలో పర్యటించారు. వరంగల్లు ప్రాంతంలోని నెక్కొండ సమీపాన వేటాడిన పులి పక్కన కర్జన్ దంపతులు నిలిచిన చిత్రం దీన్‌దయాళ్ సంస్థ తీసిన వాటిలో మిక్కిలి ప్రసిద్ధమైంది. వేటలో కూలిన పులి ఎదుట నిలిచిన వైస్రాయి దంపతుల పేర్లు అందరికీ తెలుసు. కరువు చిత్రాలలోని వారి పేర్లు ఎవరూ రాయలేదు. ఆ కాలపు సమాజాన్ని అర్థం చేసుకోదలచిన విద్యార్థి ఈ రెండు రకాల చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకదానిని దాచి రెండవదానిని మాత్రమే చూపితే అది సత్యం కాదు. దీన్‌దయాళ్ సంస్థ రెండింటినీ మిగిల్చింది.

1903లో ఢిల్లీలో జరిగిన దర్బారు ఆయన వృద్ధాప్యంలో చిత్రించిన మహోత్సవం. ఆ మరుసటి సంవత్సరమే కుమారుడు ధరమ్‌చంద్ మరణించడంతో కుటుంబానికి తీరని దెబ్బ తగిలింది. 1905లో రాజా దీన్‌దయాళ్ కన్నుమూశారు. సంస్థ బాధ్యత జ్ఞాన్‌చంద్‌పై పడింది. అప్పటికే కాలం మారుతూ ఉంది. 1888లో అమెరికాలో వెలువడిన కోడాక్ చిన్నపెట్టె కెమెరాతో ఛాయాచిత్రకళ క్రమంగా సామాన్యుల చేతికి రాసాగింది. రాజఠీవితో నడిచే పెద్ద స్టూడియోల ప్రాభవం తగ్గుముఖం పట్టింది.

దీన్‌దయాళ్ గతించిన మూడేళ్లకు, 1908 సెప్టెంబరు 28న, మూసీనది మహోగ్రరూపం దాల్చింది. హైదరాబాదు నగరంలో వేలాది ప్రజలు ప్రాణాలు కోల్పోయారు. నదికి ఇరువైపులా ఇళ్లు, అంగళ్లు, వీథులు కొట్టుకుపోయాయి. వంతెనలు దెబ్బతిన్నాయి. ఆ విధ్వంసాన్ని కూడా ఆయన స్థాపించిన సంస్థ చిత్రించింది. ఆ పిమ్మట నగరం కొత్త రూపు దిద్దుకుంది. వరదలను అరికట్టడానికి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు నిర్మించారు, వీథులు వెడల్పు చేశారు. వరదకు ముందు నగరం ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే నేడు మనకు ఉన్న ముఖ్యమైన ఆధారాలలో దీన్‌దయాళ్ చిత్రాలు ఒకటి. ఆయన కెమెరా ముందు నిలిచిన బషీర్‌బాగ్ రాజభవనం సైతం నేడు పేరుగానే మిగిలింది. రాతికట్టడాలకంటె పెళుసైన గాజుపలక ఎక్కువకాలం నిలవడం విచిత్రమే.

ఆ గాజుపలకలు మాత్రం వాటంతట అవే నిలవలేదు. వేడి, తేమ, ధూళి వాటికి శత్రువులు. చేయి జారితే ఒక వీథి, ఒక ముఖం శాశ్వతంగా పోయినట్లే. ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో 2,857 గాజు నెగెటివులను సేకరించి భద్రపరచింది. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలోను, విదేశాలలోని ప్రసిద్ధ గ్రంథాలయాలలోను, మ్యూజియములలోను ఆయన చిత్రాలున్నాయి. 2006లో భారత తపాలాశాఖ ఆయన స్మృతిచిహ్నంగా తపాలాబిళ్ల విడుదల చేసింది.

రాజా దీన్‌దయాళ్ జీవితం ఒక కళాకారుని విజయగాథ మాత్రమే కాదు. చిన్న ఉద్యోగంలో నేర్చిన క్రమశిక్షణ పెద్ద సాధనకు ఎలా ఉపకరిస్తుందో అది తెలుపుతుంది. కొత్త సాంకేతిక విద్యను స్వాధీనం చేసుకుంటే పరాయి పాలనలో కూడా ప్రతిభ తలయెత్తి నిలవగలదని నిరూపిస్తుంది. అన్నింటినీ మించి, చూసే కంటికి ఒక బాధ్యతను గుర్తుచేస్తుంది. ఆయన చిత్రించిన ప్రభువుల కొలువులు అంతరించాయి. వారి ఆజ్ఞపై తీసిన చిత్రాల అంచులలో, ఆజ్ఞ లేకుండానే చేరిన బండివాడు, బాటసారి, అంగడివాడు మాత్రం నాటి నగరం ఎలా బతికిందో నేటికీ తెలుపుతున్నారు.

అల్వాల్ దారిలోని అంగడి, దాని బోర్డు, దాని ముందు నిలిచిన మనుషులు కూడా ఏదో ఒకనాడు మారిపోతారు. రహదారి విస్తరణలో ఒక వరుస దుకాణాలు పోవచ్చు. ఒక చెట్టు కూలిపోవచ్చు. ఈనాడు చిత్రం తీయడానికి గుడారం అక్కరలేదు, గాజుపలక అక్కరలేదు. కావలసింది నిలిచి చూసే ఓర్పు, తీసినదాన్ని తేదీతో, స్థలం పేరుతో భద్రపరిచే శ్రద్ధ. ఆ రెండు గుణాలనే ఆస్తిగా చేసుకొని ఒక నగరపు జ్ఞాపకాన్ని కాపాడిన రాజా దీన్‌దయాళ్ తెలుగునేలకు చిరస్మరణీయుడు.